అంగడి అధిపతి ధర్మం: యాప్ స్టోర్ల బాధ్యత ఎంతవరకు?

ఒకప్పుడు తీర్థయాత్రకు బయలుదేరే కుటుంబం మడిబట్టలు, చెంబు, దారిబత్తెం సరిచూసుకొనేది. నేడు వాటన్నిటికంటె ముందు చేతిఫోనును సరిచూసుకొంటున్నది. దర్శనం టికెట్టు అందులోనే ఉన్నది. రైలు టికెట్టు, వసతి గది రసీదు, హుండీకి సమర్పించదలచిన కానుక, ఇంటివద్ద ఉన్న వృద్ధులతో మాట్లాడే సాధనం, అన్నీ అందులోనే ఉన్నవి. ఈ పనులలో ప్రతిదానికీ ఒక యాప్ ఉన్నది. ఆ యాప్‌లలో అత్యధిక భాగం రెండే రెండు అంగళ్ళ నుండి మన చేతికి వస్తున్నవి. ఒకటి ఆపిల్ సంస్థ వారి యాప్ స్టోర్. రెండవది గూగుల్ సంస్థ వారి ప్లే స్టోర్.

ఈ అంగళ్ళలో మేలు చేసే వస్తువులు లక్షల సంఖ్యలో ఉన్నవి. వాటి నడుమ కీడు చేసేవి కూడా చేరుతున్నవి. మంచి ఉద్దేశంతో తయారైన యాప్‌ను చెడ్డపనికి వాడుకొనేవారు సైతం ఉన్నారు. అటువంటి సందర్భంలో తప్పు ఎవరిది? చెడుగా వాడినవానిదా? తయారుచేసినవానిదా? తన అంగడిలో పెట్టి అందించినవానిదా? ఈ ప్రశ్న న్యాయస్థానాలకు, పెద్ద సంస్థలకు మాత్రమే సంబంధించినదని తలచరాదు. ఫోను చేతబట్టిన ప్రతి గృహస్థునికీ ఇది సంబంధించినదే. కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా తెలుసుకొందాము.

అంగడి నడిచే తీరు

ఆపిల్ యాప్ స్టోర్ 2008 జూలై 10వ తేదీన సుమారు 500 యాప్‌లతో ప్రారంభమైనది. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ సంస్థ ‘ఆండ్రాయిడ్ మార్కెట్’ అనే పేరుతో తన అంగడిని తెరచినది. 2012 మార్చిలో దానికి ‘గూగుల్ ప్లే’ అని పేరు మార్చినది. నేడు ఈ రెండింటిలోనూ లక్షలాది యాప్‌లు లభిస్తున్నవి.

ఈ అంగళ్ళు అందరికీ తెరచి ఉంచిన సంతవంటివి కావు. లోపలికి ప్రవేశించదలచిన తయారీదారుడు ముందుగా రుసుము చెల్లించి నమోదు చేసుకోవాలి. ఆపిల్ వద్ద ఏటా 99 డాలర్లు, గూగుల్ వద్ద ఒక్కసారి 25 డాలర్లు ఆ రుసుము. తరువాత యాప్‌ను పరిశీలనకు సమర్పించాలి. పరిశీలకులు, యంత్రాలు కలిసి దానిని పరీక్షిస్తారు. నియమాలకు లోబడి ఉంటేనే అంగడిలో చోటు లభిస్తుంది. యాప్‌లో అమ్మే డిజిటల్ వస్తువులపైన, చందాలపైన అంగడివారు సాధారణంగా 15 నుండి 30 శాతం వరకు వాటా తీసుకొంటారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించవలసి ఉన్నది. పరిశీలకుడు యాప్‌ను చూడగలడు గాని, రేపు దానిని చేతబట్టే కోట్లాది మనుష్యుల మనస్సులను చూడలేడు. సందేశాలు పంపే యాప్‌ను పరీక్షించిన రోజున అందులో ఒక్క దుర్భాష కూడా ఉండదు. మనుష్యులు ప్రవేశించిన తరువాతనే మంచిచెడులు రెండూ ప్రవేశిస్తాయి. ఈ కారణంగానే ఆపిల్ తన నియమావళిలో, వాడుకరులు స్వయంగా వ్రాసే మాటలు, పెట్టే చిత్రాలు కనిపించే యాప్‌లకు ప్రత్యేకంగా నాలుగు షరతులు విధించినది. అభ్యంతరకరమైన విషయాన్ని వడపోసే ఏర్పాటు ఉండాలి. దానిపై ఫిర్యాదు చేసే మార్గం ఉండి, ఫిర్యాదుకు సకాలంలో స్పందన రావాలి. వేధించేవారిని అడ్డుకొనే వీలు ఉండాలి. తయారీదారుని సంప్రదించే వివరాలు బహిరంగంగా తెలిపి ఉండాలి. గూగుల్ నియమాలు కూడా ఇదే ధోరణిలో ఉన్నవి.

అనగా అంగడి అధిపతి తయారీదారునితో చెప్పుచున్నది ఇది: “నీ యాప్‌లో ఎవరో ఒకరు తప్పు చేయకుండా ఉండరు. ఆ తప్పు జరిగినప్పుడు నీవు ఏమి చేస్తావో ముందే చూపించు.”

నలుగురు భాగస్వాములు

ఈ ప్రశ్న యంత్రాలతో పుట్టినది కాదు. ఒక కర్మను చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు అనే నలుగురూ దాని ఫలంలో భాగస్వాములని మన పెద్దలు చెప్పుతూ వచ్చారు. పుణ్యకార్యానికి ద్రవ్యమిచ్చిన దాతకు పుణ్యంలో భాగం ఉన్నట్లే, పాపకార్యానికి తోడ్పడినవానికి పాపంలో భాగం ఉంటుందని దీని సారాంశం. ఇందులో ‘ఆమోదించినవాడు’ అనే నాలుగవ మాట చాల లోతైనది. చేతితో ఏమీ చేయకపోయినా, తెలిసి ఊరకున్నవానిని ఆ మాట విడిచిపెట్టదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సంస్థాధ్యక్షుడు అనే అధికారి గురించి చెప్పబడినది. అంగడిలో పాత వస్తువులు అమ్మకానికి వచ్చినప్పుడు, అవి అమ్మేవాని సొంతమేనని రుజువైన తరువాతనే అమ్మకానికి, తాకట్టుకు అనుమతించడం, తూనికలను కొలతలను పరిశీలించడం అతని విధులు. వస్తువు కొన్నవాడు ఇంటికి పోయి దానితో ఏమి చేస్తాడో ఆ అధికారి కాపలా కాయలేడు. కాని దొంగసొత్తు, దొంగతూనిక అంగడిలోకి రాకుండా చూడడం అతని చేతిలోని పనియే. చేతిలో ఉన్న పనికీ, చేతిలో లేని పనికీ నడుమగల ఈ భేదమే నేటి చర్చకు కూడా మూలము.

కనుక యాప్‌ల వలన కలిగే కీడును మూడు విధాలుగా విడదీసి చూడడం మంచిది. మొదటిది, మంచికోసం చేసిన దానిని వాడుకరులు చెడుకు వాడడం. రెండవది, అట్లు జరుగుతున్నదని తెలిసికూడా తయారీదారుడు తగినంత చర్య తీసుకోకపోవడం. మూడవది, మోసం కోసమే యాప్‌ను తయారుచేయడం. ఒక్కొక్కదానికి జరిగిన ఉదాహరణలను చూద్దాము.

మంచి ఉద్దేశం, చెడ్డ వాడుక

సౌదీ అరేబియాకు చెందిన ఒక ప్రోగ్రామర్ ‘సరాహా’ అనే సాధనాన్ని రూపొందించాడు. అరబ్బీ భాషలో ఆ మాటకు నిష్కపటత్వమని అర్థము. కార్యాలయంలో పనిచేసేవారు తమ పేరు తెలియకుండా పై అధికారికి నిజమైన అభిప్రాయం తెలుపగలగాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశంలో దోషం లేదు. 2017లో అది యాప్ రూపంలో వచ్చి అనేక దేశాలలో అత్యధికంగా దించుకొనబడిన యాప్‌లలో ఒకటైనది.

అయితే దానిని ఎక్కువగా చేపట్టినది ఉద్యోగులు కాదు, బడిపిల్లలు. పేరు దాగి ఉన్నదనే ధైర్యంతో కొందరు పిల్లలు తోటిపిల్లలకు క్రూరమైన సందేశాలు పంపసాగారు. ఆస్ట్రేలియాలో ఒక తల్లి, తన కుమార్తెకు వచ్చిన సందేశాలను చూచి తల్లడిల్లి, ఆ యాప్‌ను తొలగించవలసినదిగా ప్రజల సంతకాలు సేకరించినది. లక్షలాది మంది సంతకం చేశారు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్, గూగుల్ రెండూ దానిని తమ అంగళ్ళ నుండి తొలగించాయి.

ఇక్కడ దుర్భాష వ్రాసినవారు పిల్లలు. యాప్‌ను తయారుచేసినవాడు దుర్మార్గుడు కాడు. అయినా అజ్ఞాతంగా మాట్లాడే వీలు కల్పించినవాడు, ఆ వీలు బాలల చేతికి అందినప్పుడు ఏమి జరుగునో ఆలోచించి, కట్టుబాటు చేయవలసి ఉండెను. పదునైన వస్తువును చేసేవాడు పిడిని కూడా చేయాలి. పిడి లేని కత్తి తెగినప్పుడు పట్టుకొన్నవానిని మాత్రమే నిందించడం న్యాయం కాదు.

తెలిసి తగినంత చేయనప్పుడు

రెండవ విధానికి అమెరికాలో జరిగిన ‘పార్లర్’ వ్యవహారం ప్రసిద్ధమైన ఉదాహరణ. 2018లో మొదలైన ఈ సామాజిక మాధ్యమం, ఇతర మాధ్యమాల కంటె తక్కువ ఆంక్షలు ఉంటాయని చెప్పుకొన్నది. 2021 జనవరి 6వ తేదీన వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంపై జనసమూహం దాడి చేసినది. హింసను ప్రేరేపించే వ్రాతలు పార్లర్‌లో ఉన్నవని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. జనవరి 8న గూగుల్ తన అంగడి నుండి దానిని నిలిపివేసినది. ఆపిల్ 24 గంటల గడువు ఇచ్చి, పర్యవేక్షణ ఎట్లు మెరుగుపరుస్తారో తెలుపమన్నది. సమాధానం తృప్తికరంగా లేదని 9వ తేదీన తొలగించినది. ఆ వెంటనే, పార్లర్‌కు సర్వర్ల వసతి కల్పిస్తున్న అమెజాన్ విభాగం కూడా తన సేవను ఉపసంహరించుకొన్నది. పార్లర్ కొంతకాలం పూర్తిగా మూతపడినది.

తరువాత పర్యవేక్షణ ఏర్పాట్లు చేసుకొన్న మీదట 2021 మే నెలలో అది ఆపిల్ అంగడికి తిరిగి వచ్చినది. గూగుల్ అంగడికి చేరడానికి 2022 సెప్టెంబరు వరకు పట్టినది.

ఈ సందర్భంలో రెండు పక్షాల వాదనలూ వినదగినవే. “హింసకు పిలుపునిచ్చే మాటలు కళ్ళెదుట ఉండగా తొలగించనివాడు ఆమోదించినవానితో సమానం” అన్నది ఒక వాదన. “అటువంటి వ్రాతలు ఇతర పెద్ద మాధ్యమాలలోనూ ఉన్నవి గదా, చిన్నవానిని మాత్రమే శిక్షించడమేమి? కొద్దిమంది తప్పుకు, ఏ తప్పూ చేయని లక్షలాది వాడుకరుల నోరు మూయడమేమి?” అన్నది రెండవ వాదన. నియమం మంచిదైనంత మాత్రాన చాలదు. అది పెద్దవానికీ చిన్నవానికీ ఒకే తూనికతో అమలు జరగాలి. దొంగతూనికను పట్టవలసిన అధికారి చేతి తూనికయే వంకరగా ఉంటే ప్రజలకు నమ్మకం ఎట్లు కలుగుతుంది?

తలుపు మూయడంలో కూడా దోషం ఉండవచ్చు

కీడు జరిగిందంటే యాప్‌ను తొలగించడమే పరిష్కారమని తొందరపడరాదు. 2019లో హాంగ్‌కాంగ్‌లో నిరసనలు జరుగుతున్న రోజులలో, పోలీసులు ఎక్కడ ఉన్నారో పటంపై చూపే ఒక యాప్ వచ్చినది. అక్టోబరులో ఆపిల్ దానిని తొలగించినది. దాని సాయంతో కొందరు పోలీసులపై మాటువేసి దాడి చేస్తున్నారని, పోలీసులు లేనిచోట నేరాలకు పాల్పడుతున్నారని ఆపిల్ చెప్పినది. సాధారణ ప్రజలు ప్రమాదస్థలాలను తప్పించుకొనడానికే దానిని చేశామని తయారీదారులు చెప్పారు. ఒకే పటం ఒకని చేతిలో రక్షణ, వేరొకని చేతిలో ఆయుధము. అటువంటి వస్తువుపై ఒక ప్రైవేటు సంస్థ ఏకపక్షంగా తీర్పు చెప్పవచ్చునా అని అనేకులు ప్రశ్నించారు.

మన దేశంలో కూడా ఇటువంటి ఘట్టం ఒకటి జరిగినది. టిక్‌టాక్ యాప్‌లో అసభ్యకరమైన వీడియోలు వస్తున్నవని, బాలలు వాటి బారిన పడుతున్నారని వచ్చిన వ్యాజ్యంపై, మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2019 ఏప్రిల్ 3న ఆ యాప్ దించుకొనడాన్ని నిషేధించవలసినదిగా కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది. ఏప్రిల్ మధ్యలో రెండు అంగళ్ళూ దానిని భారతదేశంలో తొలగించాయి. వాదోపవాదాల తరువాత ఏప్రిల్ 24న అదే ధర్మాసనం నిషేధాన్ని ఎత్తివేసినది. మరుసటి సంవత్సరం 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ కూడా వాటిలో చేరినది. కాని అప్పటి కారణం వేరు. అది దేశ భద్రతకు, సార్వభౌమత్వానికి సంబంధించినది.

2019లో నిషేధం అమలైన ఆ కొద్దిరోజులలో గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. అంగడి నుండి తొలగించినంత మాత్రాన, అప్పటికే ఫోనులో ఉన్న యాప్ మాయమైపోలేదు. పాతవారు వాడుతూనే ఉన్నారు. కొత్తవారికి మాత్రమే తలుపు మూసుకొన్నది. అంగడి అధిపతి చేతిలో ఉన్న అధికారం గొప్పదే గాని, దానికి కూడా హద్దు ఉన్నది.

చట్టం ఏమంటున్నది?

2004లో మన దేశంలో ‘బాజీ’ అనే వేలం వెబ్‌సైటులో ఒక వాడుకరి అసభ్యకరమైన వీడియోను అమ్మకానికి పెట్టాడు. ఆ సంవత్సరం డిసెంబరులో ఆ సంస్థ ముఖ్యాధికారిని పోలీసులు అరెస్టు చేశారు. అమ్మినది వేరొకడు, అరెస్టయినది అంగడివాడు. ఈ సంఘటన దేశమంతటా చర్చకు దారితీసినది. తరువాత 2008లో సమాచార సాంకేతిక చట్టం సవరింపబడి, 2009 అక్టోబరు నుండి అమలులోకి వచ్చినది.

ఆ చట్టంలోని 79వ సెక్షను ప్రకారం, ఇతరుల సమాచారాన్ని చేరవేసే మధ్యవర్తి, తగిన జాగ్రత్తలు పాటించినంత కాలం ఇతరుల తప్పుకు శిక్షార్హుడు కాడు. అయితే చట్టవిరుద్ధమైనది ఉన్నదని వాస్తవంగా తెలిసిన పిదప కూడా తొలగించకపోతే ఆ రక్షణ కోల్పోతాడు. ‘తెలియడం’ అంటే ఏమి? ఎవరు ఫిర్యాదు చేసినా తెలిసినట్లేనా? 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పినది. న్యాయస్థానం ఉత్తరువు గాని, ప్రభుత్వం నుండి నోటిఫికేషను గాని అందడమే తెలియడమని నిర్ణయించినది. ప్రతి ఫిర్యాదుకూ భయపడి మధ్యవర్తి అన్నింటినీ తొలగిస్తూ పోతే వాక్‌స్వాతంత్ర్యం నిలువదు గదా.

2021 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలు మధ్యవర్తులపై మరికొన్ని విధులు మోపినవి. ఫిర్యాదుల అధికారిని నియమించి వివరాలు ప్రకటించాలని, వ్యక్తుల నగ్నచిత్రాలు, మార్పుచేసిన చిత్రాలు వంటి వాటిపై బాధితుడు ఫిర్యాదు చేస్తే 24 గంటలలో తొలగింపు చర్య తీసుకోవాలని అవి నిర్దేశించినవి. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ సేవల చట్టం క్రింద 2023 ఏప్రిల్‌లో ఈ రెండు అంగళ్ళనూ అతిపెద్ద వేదికల జాబితాలో చేర్చి, తమ వలన సమాజానికి కలుగగల ప్రమాదాలను తామే అంచనా వేసి నివారించాలనే భారాన్ని మోపినది.

దేశాలు వేరైనా ఈ చట్టాల వెనుక ఉన్న న్యాయసూత్రం దగ్గరిదే: తెలియనివానికి క్షమ ఉన్నది, తెలిసి ఊరకున్నవానికి లేదు.

మన ఇంటి ముంగిట జరిగిన అనర్థం

ఇక మూడవ విధము. దీనికి ఉదాహరణ వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. 2020లో కరోనా వలన ఉపాధి కోల్పోయిన ఎందరో ‘క్షణాలలో ఋణం’ అన్న యాప్‌లను ఆశ్రయించారు. కొన్ని వేల రూపాయల అప్పు. అందులో సగానికి దగ్గరగా రుసుముల పేరిట ముందే కోత. వారం పదిరోజులలో మొత్తం తిరిగి చెల్లించాలి. యాప్ తెరచిన క్షణంలో అది ఫోనులోని కాంటాక్టులను, ఫోటోలను చూడడానికి అనుమతి అడిగేది. అవసరంలో ఉన్నవాడు ఆలోచించక అంగీకరించేవాడు.

గడువు దాటిన మరునాడు అసలు రూపం బయటపడేది. అప్పు తీసుకొన్నవాని తల్లిదండ్రులకు, మేనమామకు, ఆఫీసులోని పై అధికారికి, పిల్లల బడి ఉపాధ్యాయునికి ఫోన్లు వచ్చేవి. “ఇతడు దొంగ” అని సందేశాలు వచ్చేవి. ఫోటోలను వికృతంగా మార్చి పంపేవారు. తెలంగాణలో ఈ వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకొన్నవారు ఉన్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసి, వసూళ్ళ కోసం నడిచే కాల్ సెంటర్లపై దాడులు జరిపి అనేకులను అరెస్టు చేశారు. అదే నెల 23న భారతీయ రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన జారీచేసినది.

ఈ యాప్‌లు ఎక్కడి నుండి వచ్చినవి? వాటిలో అనేకం నియమాలు గల అంగడి నుండే వచ్చినవి. 60 రోజులలోపు మొత్తం చెల్లించాలనే ఋణాల యాప్‌లకు తమ అంగడిలో చోటు లేదని గూగుల్ నియమం అప్పటికే ఉన్నది. అయినా ఆ నియమాన్ని ఉల్లంఘిస్తున్న యాప్‌లు కనీసం పది ఆ అంగడిలో ఉన్నట్లు 2020 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించినది. నియమం గోడమీద వ్రాసి ఉన్నది. గుమ్మం వద్ద కాపలా చాలలేదు. 2021 జనవరిలో గూగుల్ వందలాది ఋణ యాప్‌లను తిరిగి పరిశీలించి, నియమాలకు విరుద్ధమైన వాటిని తొలగించినట్లు ప్రకటించినది.

రిజర్వు బ్యాంకు నియమించిన అధ్యయన బృందం 2021 నవంబరులో తన నివేదికను వెల్లడించినది. ఆ సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలలలో 80కి పైగా యాప్ అంగళ్ళలో సుమారు 1100 ఋణ యాప్‌లు భారతీయులకు లభిస్తున్నవని, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని ఆ నివేదిక తెలిపినది. 2021 ఏప్రిల్ నుండి 2022 జూలై వరకు 2500కు పైగా, 2022 సెప్టెంబరు నుండి 2023 ఆగస్టు వరకు మరి 2200కు పైగా ఋణ యాప్‌లను గూగుల్ తొలగించినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపినది. ఒక కలుపుమొక్కను పెరికితే ఇంకొక పేరుతో మరొకటి మొలుస్తున్నదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

అందువలన మూలాన్ని సరిచేసే ప్రయత్నం జరిగినది. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఋణ యాప్ ఫోనులోని కాంటాక్టులను, ఫోటోలను, కాల్ వివరాలను తాకరాదు. 2023 మే 31 నుండి గూగుల్ కూడా వ్యక్తిగత ఋణ యాప్‌లకు కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతిని నిషేధించినది. వేధింపులకు ఆయుధంగా మారినది ఆ కాంటాక్టుల జాబితాయే గదా. ఆయుధాన్ని చేతికి అందకుండా చేయడం, గాయపడిన తరువాత విచారించడం కంటె మేలు.

బాధ్యతకు మూడు కొలతలు

ఈ ఉదాహరణలన్నింటినీ కలిపి చూస్తే, ఎవరికి ఎంత బాధ్యత అన్నదానికి మూడు కొలతలు కనబడుచున్నవి. మొదటిది జ్ఞానము: కీడు జరుగుతున్నదని అతనికి తెలుసునా, తెలిసికొనదగిన స్థానంలో ఉన్నాడా? రెండవది శక్తి: దానిని ఆపగల అధికారం అతని చేతిలో ఉన్నదా? మూడవది లాభము: ఆ వ్యవహారం వలన అతనికి ధనం గాని, పేరు గాని, పెరుగుదల గాని కలుగుచున్నదా?

చెడుగా వాడినవానికి ఈ మూడూ పూర్తిగా ఉన్నవి. కనుక అందరికంటె పెద్ద భాగం అతనిదే. అది ఎవరికీ బదిలీ కాదు. తయారీదారునికి తన యాప్‌లో ఏమి జరుగుతున్నదో చూడగల అవకాశం, మార్చగల శక్తి ఉన్నవి. కనుక ఫిర్యాదు అందిన క్షణం నుండి అతని భాగం పెరుగుతూ పోతుంది. అంగడి అధిపతి ప్రతి వాడుకరి మాటనూ వినలేడు. అట్లు వినడం మంచిది కూడా కాదు. కాని “నేను పరీక్షించి పెట్టినది, సురక్షితమైనది” అని చెప్పి జనాన్ని పిలిచినవాడు, పరీక్ష సరిగా జరగనప్పుడు “నాకేమి సంబంధం” అనరాదు. నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేసేవానికి ఆ నమ్మకమే ఋణము.

యాత్రికులు, దాతలు చేయదగినది

నాలుగవ భాగస్వామి మనమే. దర్శనం టికెట్లు, వసతి గదులు, సేవలు, విరాళాల పేరిట దేవాలయాలను అనుకరించే నకిలీ వెబ్‌సైట్లు, యాప్‌లు యాత్రికులను మోసగిస్తున్నవి. దేవాలయం యాప్‌ను పేరుతో వెదకి మొదట కనిపించినదానిని దించుకొనరాదు. దేవస్థానం అధికారిక ప్రకటనలలో, రసీదులపై సూచించిన మార్గం ద్వారానే వెళ్ళాలి. యాప్ పేరు క్రింద తయారీదారుని పేరు ఉంటుంది. దానిని తప్పక చదవాలి. విరాళం చెల్లించేముందు డబ్బు ఎవరి పేర చేరుతున్నదో తెరపై చూసుకోవాలి. వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

ఎవరో పంపిన లంకెను నొక్కి, అంగడి బయటి నుండి యాప్ ఎక్కించుకొనరాదు. అక్కడ ఆమాత్రపు పరిశీలన కూడా లేదు. ఏ యాప్ అయినా అనుమతి అడిగినప్పుడు, ఆ పనికి అది అవసరమా అని ఒక్క క్షణం యోచించాలి. పంచాంగం చూపే యాప్‌కు మీ బంధువుల ఫోను నెంబర్లు ఎందుకు? ఋణం తీసుకొనవలసి వస్తే, రిజర్వు బ్యాంకు గుర్తింపు గల సంస్థ తరఫున నడిచేదా కాదా అని ముందే విచారించాలి.

కీడు కనిపిస్తే మౌనంగా తొలగించి ఊరకుండరాదు. అంగడిలోని ప్రతి యాప్ పేజీలోనూ ఫిర్యాదు చేసే వీలు ఉన్నది. మీ ఫిర్యాదు అందిన తరువాత “తెలియదు” అనే సాకు వారికి బలహీనపడుతుంది. డబ్బు పోయినప్పుడు ఆలస్యం చేయక 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

ఇంకొక మనవి. ఇంటిలో ఎవరైనా ఇటువంటి యాప్ వలలో చిక్కి బాధపడుతుంటే నిందించకండి. వేధించేవారి బలమంతా బాధితుని సిగ్గులో ఉన్నది. “నలుగురికి తెలిస్తే ఏమౌతుంది” అన్న భయంతోనే కొందరు ప్రాణాలు విడిచారు. మీ బంధువు గురించి అవమానకరమైన సందేశం గాని, చిత్రం గాని మీ ఫోనుకు వస్తే, దానిని ఇంకొకరికి పంపకండి. ఆ బంధువుకు ఫోను చేసి, “మేమున్నాము, భయపడకు” అని చెప్పండి. ఆ సందేశాన్ని మరొకరికి పంపినవాడు, తెలియకయే ఆ కర్మకు ఆమోదం తెలిపినవాడవుతాడు. పంపకుండా నిలిపినవాడు ఒక ప్రాణానికి అండగా నిలిచినవాడవుతాడు.

చట్టం తన పని చేయుగాక, అంగడి అధిపతి తన గుమ్మం కాచుగాక. మన చేతిలోని ఫోనుకు గుమ్మం మన వ్రేలికొననే ఉన్నది. దానిని కాచుకొనడం మన ధర్మము.